పండుకి ఫ్లేవర్ పట్టించి పిల్లల చేత తినిపించడం ఎలా: మొదటి నుంచి చివరిదాకా

పండ్లు ఎంత మంచివో నేను చెప్పబోవట్లేదు, అది మీకు తెలుసు, పిల్లలకి ఆ గొడవే అక్కర్లేదు. అసలు చిక్కు ఎక్కడంటే ద్రాక్ష క్యాండీ అంటే పడి చచ్చే పిల్లాడు ద్రాక్షపండు చూడగానే మొహం తిప్పేస్తాడు, స్ట్రాబెర్రీ ఐస్‌క్రీం గిన్నె అడుగుదాకా నాకేసే పిల్ల అసలు స్ట్రాబెర్రీని నోట్లో పెట్టుకున్న మరుక్షణం ఊసేస్తుంది. అంటే ఆ వాసన వాళ్లకి పడనిది కాదు, పండుతో పాటు వచ్చే మిగతా సరంజామా పడట్లేదు: పులుపు, తొక్క, గింజలు, పంటికింద నలిగే తీరు, అన్నింటికన్నా ముఖ్యంగా ఒక కాయ తియ్యగా ఇంకో కాయ చప్పగా ఉండటం. క్యాండీ ఎప్పుడూ మోసం చెయ్యదు కదా, నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది.

అందుకే వాళ్లకి తెలిసిన వాసనని తెలియని పండు మీదకి ఎక్కించడం అనేది వినడానికి విడ్డూరంగా ఉన్నా పనికొచ్చే ఐడియానే. నా లెక్క ఒకటే, ఫ్లేవర్ కలపడంలో తప్పేం లేదు, దాంతో పాటు చక్కెర, రంగు, అబద్ధం కలిపితేనే తేడా కొట్టేది. ఈ మూడూ లేకుండా ఎలా చెయ్యాలో చూద్దాం.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం

మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం నిజానికి వాసనే. నాలుకకి తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం పులుసులో, పుట్టగొడుగుల్లో తగిలే కమ్మటి రుచి), అంతే, మిగతాదంతా నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్లే గాలి పని. అరటి ఫ్లేవర్ అంటే ప్రధానంగా ఐసోఅమైల్ అసిటేట్ అనే రసాయనం, చెర్రీ అంటే బెంజాల్డిహైడ్, వెనిల్లా అంటే వెనిలిన్, ద్రాక్ష క్యాండీ వాసన అంటే మిథైల్ ఆంత్రానిలేట్. ఈ చివరిది కాంకర్డ్ రకం ద్రాక్షలో సహజంగానే ఉంటుంది, మీ ఇంట్లో తినే ద్రాక్ష వేరే రకమైతే క్యాండీకి పండుకి పోలికే ఉండదు, పిల్లాడు "ఇది ద్రాక్ష కాదు" అని పేచీ పెడితే వాడి వైపు నుంచి అది కరెక్టే. (ఇదే పదార్థాన్ని తోటల్లో పక్షులు రాకుండా కూడా కొడతారు, పక్షులకి ఇది అస్సలు పడదు. మనుషుల పిల్లలు మాత్రం ఎగబడతారు.)

నేచురల్, ఆర్టిఫిషియల్ అనే మాటలు ఆ పదార్థం ఎక్కడి నుంచి తీశారో చెప్తాయి తప్ప ఎంత మంచిదో చెప్పవు. వెనిల్లా కాయ నుంచి తీసినా ల్యాబ్‌లో చేసినా వెనిలిన్ అణువు ఒకటే, కాయ నుంచి తీసిన సారంలో ఇంకా ఎన్నో రకాల వాసనలు తోడుంటాయి కాబట్టి అది కాస్త నిండుగా అనిపిస్తుంది, అంతవరకే.

ఇదేం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో గ్రేపుల్ అని ఒక సరుకు వచ్చింది, గాలా, ఫూజీ రకం ఆపిల్స్‌ని ద్రాక్ష ఫ్లేవర్ కలిపిన నీళ్లలో నానబెట్టి అమ్మేవాళ్లు, చూడ్డానికి మామూలు ఆపిలే, కొరికితే ద్రాక్ష. కాటన్ క్యాండీ ద్రాక్షలు దీనితో కలిపెయ్యకండి, అవి కాలిఫోర్నియాలో డేవిడ్ కెయిన్ అనే ఆయన రకాలు సంకరం చేసి పుట్టించినవి, 2011లో మార్కెట్లోకి వచ్చాయి, వాటిలో ఎవరూ ఫ్లేవర్ పొయ్యలేదు, కాయ రుచే అంత. నన్నడిగితే దొరికే చోట మొదట అవే ట్రై చెయ్యండి, నానబెట్టే పనే తప్పుతుంది.

స్టెప్ 1: వాడికి ఏది పడట్లేదో కనిపెట్టండి

ఇది వదిలేసి నేరుగా ఎసెన్స్ సీసా పట్టుకుంటే పని జరగదు. ఎందుకంటే ఫ్లేవర్ మార్చగలిగేది వాసనని ఒక్కదాన్నే, మెత్తదనం, జారుడు, గింజలు అన్నీ అలాగే ఉంటాయి. ఊసేసేటప్పుడు గమనించండి: నోట్లో పెట్టుకోకముందే ముక్కు మూసుకున్నాడా, అయితే వాసన. పెట్టుకోగానే మొహం ముడుచుకున్నాడా, పులుపో వగరో. రెండు మూడు సార్లు నమిలి అప్పుడు బయటికి తోశాడా, అది తొక్కో పీచో మెత్తదనమో. అసలు పళ్లెంలో చూసే వద్దన్నాడా, అది కొత్తదంటే భయం, 2 నుంచి 6 ఏళ్ల మధ్యలో ఇది బాగా ఎక్కువగా ఉంటుంది, చాలామందిలో తర్వాత దానంతట అదే తగ్గుతుంది.

వాసన, కొత్త భయం, ఈ రెండింటికీ ఫ్లేవర్ సాయం చేస్తుంది, తియ్యటి వాసన అయితే పులుపు కూడా కాస్త తక్కువ అనిపిస్తుంది. మెత్తదనం సమస్య అయితే పండే మార్చాలి.

ఇంకొకటి. పచ్చి ఆపిల్ తింటే "నోరు దురద" అంటున్నాడంటే అది మారాం అనుకోవద్దు, పుప్పొడి ఎలర్జీ ఉన్నవాళ్లకి కొన్ని పచ్చి పండ్లతో నిజంగానే పెదాలు, నాలుక దురద పెడతాయి, ఉడికించి పెడితే చాలామందికి ఏమీ కాదు. అలాంటి పిల్లల దగ్గర ఈ ప్రయోగాలు ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

స్టెప్ 2: ఫ్లేవర్ పట్టే పండు ఎంచుకోండి

ఆపిల్ అన్నింటికన్నా బెస్ట్. దాని కండలో ఘనపరిమాణంలో సుమారు నాలుగో వంతు వరకు గాలే ఉంటుంది, నీళ్లలో తేలేది అందుకే, ఆ ఖాళీల్లోకి వాసన నీళ్లు దూరతాయి. గట్టిగా ఉండే పియర్, దోర జామ కూడా ఫ్లేవర్‌ని బాగానే పీల్చుకుంటాయి. కర్బూజా పర్వాలేదు. పుచ్చకాయలో అప్పటికే నీళ్లు నిండి ఉంటాయి, అది మీ ఫ్లేవర్ని లోపలికి తీసుకోకపోగా తన రసాన్ని గిన్నెలోకి వదిలేస్తుంది. అరటిపండు నానితే జావ. ద్రాక్షకి తొక్క అడ్డం, కోసి నానబెడితే తప్ప లోపలికి ఏమీ దిగదు.

స్టెప్ 3: ఎసెన్స్ ఎంచుకోవడం

సీసా మీద ఫుడ్ గ్రేడ్ అని, తినే పదార్థాల్లో వాడటానికే అని స్పష్టంగా ఉండాలి. అరోమాథెరపీ కోసం అమ్మే ఎసెన్షియల్ ఆయిల్స్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, పేరు ఎసెన్స్ లాగే వినిపిస్తుంది కానీ వాటిలో కొన్ని కొద్దిగా మింగినా పిల్లలకి విషమే. ఎసెన్స్ సీసా కూడా పిల్లల చేతికి అందనంత పైన పెట్టండి, మంచి వాసన వస్తుంది కాబట్టి తాగేసే ప్రమాదం ఎక్కువ, పైగా కొన్నిట్లో ఆల్కహాల్ ఉంటుంది.

నీళ్లలో కలిసే రకం తీసుకోండి. నూనె ఆధారంగా చేసినవి చాక్లెట్లకి పనికొస్తాయి, ఇక్కడ పైన తెట్టులా తేలి ఒక ముక్కకి ఎక్కువ, ఇంకో ముక్కకి ఏమీ లేకుండా అంటుకుంటాయి. రంగు కలిపిన ఎసెన్సులు ఉంటాయి, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, అవి వద్దు, రంగులేనిదే వెతకండి. దాని గురించి కింద చెప్తా.

మొదటిసారి ఏ ఫ్లేవర్ అంటే నేను వెనిల్లాకే ఓటేస్తా. కారణం ఉంది, వెనిల్లా వాసన తీపి వస్తువులతోనే అలవాటు కాబట్టి చక్కెర ఒక్క పలుకు వెయ్యకపోయినా మెదడు తీపి పెరిగినట్టు అనుకుంటుంది. ఆపిల్‌తో, పియర్‌తో కొట్టుకోదు కూడా. ఆ తర్వాత ద్రాక్ష, స్ట్రాబెర్రీ, పిల్లాడికి ఏ క్యాండీ ఇష్టమో అది. పులుపు క్యాండీలకి ఎగబడే పిల్లలుంటారు, 5 నుంచి 9 ఏళ్ల వాళ్లలో మనం నోట్లో పెట్టుకోలేనంత పులుపు ఇష్టపడేవాళ్లు తక్కువేం కాదు, వాళ్లకి తియ్యటి వాసన కాకుండా రెండు చుక్కల నిమ్మరసం ఎక్కువ వేస్తే చాలు. కాకపోతే రోజూ వద్దు, పులుపు పళ్ల ఎనామిల్‌ని తినేస్తుంది, తిన్నాక మంచినీళ్లతో పుక్కిలించమనండి.

స్టెప్ 4: నానబెట్టడం

ఒక పెద్ద ఆపిల్‌కి లెక్క ఇది.

– చక్కెర కలపని ఆపిల్ జ్యూస్ అర కప్పు, చల్లటి నీళ్లు అర కప్పు
– నిమ్మరసం ఒక టీస్పూన్
– మామూలు పలచటి ఎసెన్స్ 4, 5 చుక్కలు (బాగా గాఢమైన రకం అయితే టూత్‌పిక్ కొన ముంచి తిప్పితే చాలు)

ఉత్త నీళ్లే ఎందుకు పొయ్యకూడదు అంటారా, పొయ్యొచ్చు కానీ పండులో చక్కెర, బయట నీళ్లలో ఏమీ లేకపోతే ముక్కలు నీళ్లు తాగి ఉబ్బుతాయి, కోసిన అంచుల నుంచి తీపి బయటికి పోతుంది, రెండు గంటల తర్వాత తీస్తే వాసన బ్రహ్మాండంగా ఉండి నోట్లో చప్పగా తగులుతుంది, అది పిల్లలు అసలు క్షమించరు. సగం జ్యూస్ పోస్తే ఆ తేడా తగ్గుతుంది. చక్కెర పాకంలో వేస్తే ఇంకా బాగుంటుంది కదా అని ఆలోచన వస్తుంది, వద్దు, అప్పుడు మీరు చేసేది పండు కాదు మిఠాయి. నిమ్మరసం వేసేది ముక్కలు నల్లబడకుండా, కోసిన ఆపిల్‌లో ఎంజైమ్ గాలి తగలగానే గోధుమ రంగు తెప్పిస్తుంది, ఆమ్లం, విటమిన్ సి రెండూ దాన్ని ఆపుతాయి. గోధుమ రంగు ముక్క చూసి "కుళ్లిపోయింది" అనే పిల్లలకి ఈ ఒక్క టీస్పూనే సగం పని చేస్తుంది.

ముక్కలు వెయ్యకముందే ఆ నీళ్లు ఒక స్పూన్ మీరు తాగి చూడండి. మీకు కావాల్సినదానికన్నా ఒక మోస్తరు ఎక్కువగా ఉండాలి. మింగాక నాలుక వెనక చేదుగానో సబ్బులాగానో తగిలితే ఎసెన్స్ ఎక్కువైనట్టు, ఇంకాస్త జ్యూస్, నీళ్లు పోసి పలచన చెయ్యండి. ఆపిల్‌ని తొక్క తీసి (తొక్క మీద మైనం పొర ఉంటుంది, ఏమీ దిగనివ్వదు) అర సెంటీమీటర్ మందాన కోసి, ముక్కలు మునిగేలా వేసి, మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మూత ముఖ్యం, ఈ వాసనలు ఇట్టే గాల్లో కలిసిపోతాయి, మూత వదులైతే మీ పండుకి కాకుండా ఫ్రిజ్ మొత్తానికి స్ట్రాబెర్రీ వాసన పడుతుంది.

రెండు గంటలు చాలు. రాత్రంతా ఉంచితే కరకరలాడటం పోతుంది. తీశాక నీళ్లు వంచేసి, శుభ్రమైన బట్టతో తడి అద్ది, ఒక పది నిమిషాలు బయట పెట్టి అప్పుడు ఇవ్వండి, మరీ చల్లగా ఉంటే తీపీ తెలియదు, వాసనా లేవదు. ఆ రోజే తినెయ్యాలి, మిగిలిన నీళ్లు మళ్లీ వాడొద్దు.

అంత ఓపిక లేనప్పుడు డ్రై పద్ధతి: ఫ్రీజ్ డ్రై చేసిన (గడ్డకట్టించి తేమంతా తీసేసిన) స్ట్రాబెర్రీనో రాస్‌ప్‌బెర్రీనో మిక్సీలో పొడి చేసి తడి ముక్కల మీద చల్లడం, లేదా చిటికెడు దాల్చినచెక్క పొడి. రెండు నిమిషాల పని. ద్రాక్షల్ని జెల్లీ పౌడర్లో దొర్లించి ఫ్రీజ్ చేసే వీడియోలు తెగ తిరుగుతున్నాయి కదా, ఆ పౌడర్‌లో ఎక్కువ భాగం చక్కెరే, పైగా గడ్డకట్టిన గుండ్రటి ద్రాక్ష చిన్న పిల్లల గొంతుకి సరిగ్గా అడ్డం పడే సైజు. నేనైతే చెయ్యను.

స్టెప్ 5: పళ్లెంలో పెట్టే తీరు

సగం మంది ఇక్కడే చెడగొడతారు. "ఇదిగో క్యాండీ" అని ఇవ్వకండి. "ఇది ద్రాక్ష వాసన వేసిన ఆపిల్, నేనే చేశా, వాసన చూస్తావా నాన్నా?" అనండి చాలు. దాచిపెట్టి తినిపించి తర్వాత "చూశావా, నువ్వు తిన్నది ఆపిలే!" అని విజయగర్వంతో చెప్పడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు, రేపటి నుంచి మీరు ఏం పెట్టినా వాడు వాసన చూసి అనుమానంగా తిప్పి తిప్పి చూస్తాడు.

ముక్కు ఆట ఆడించండి. ముక్కు గట్టిగా మూసుకుని ఒక ముక్క నమలమనండి, కాస్త తీపి, కాస్త పులుపు, అంతకుమించి ఏమీ తెలియదు. "ఇప్పుడు వదులు" అనగానే వేళ్లు తీస్తాడు, ఒక్కసారిగా ద్రాక్ష వాసన లోపల్నుంచి తన్నుకొస్తుంది, కళ్లు పెద్దవి చేసి "ఇంకోటి" అంటాడు, ఈసారి అమ్మ ముక్కు మూస్తానంటాడు. వాసనకి జడిసే పిల్లలకి ఇంకో లాభం ఉంది, ముక్కు తన చేతిలో ఉంది కాబట్టి భయం తగ్గుతుంది.

పళ్లెంలో మూడు నాలుగు ఫ్లేవర్ ముక్కలతో పాటు ఒక్కటి మామూలు ఆపిల్ ముక్క కూడా పెట్టండి, దాని గురించి మాట్లాడొద్దు, తినమని అడగొద్దు. అది అక్కడ ఉండటమే దాని పని.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది పెద్దల నిర్ణయం, తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల నిర్ణయం, ఈ సూత్రం డైటీషియన్ ఎలిన్ సాటర్ చెప్పింది, నాకు తెలిసినంతలో ఇంతకన్నా పనికొచ్చే సలహా లేదు. "ఇది తింటే ఫోన్ ఇస్తా" బేరం మాత్రం పెట్టకండి. 1984లో లీన్ బర్చ్ అనే పరిశోధకురాలి బృందం చిన్నపిల్లలకి బహుమతి ఆశపెట్టి కొత్త డ్రింక్ తాగించి చూశారు, తర్వాత ఆ డ్రింక్ మీద ఇష్టం పెరగలేదు సరికదా తగ్గింది. పిల్లల లాజిక్ సింపుల్, లంచం ఇచ్చి మరీ తినిపిస్తున్నారంటే అది బాగుండదన్నమాట.

స్టెప్ 6: ఫ్లేవర్ తగ్గించుకుంటూ రావడం

రెండు మూడు సార్లు ఇష్టంగా తిన్నాక మొదలుపెట్టండి. ఐదు చుక్కలు నాలుగు, కొన్నాళ్లకి మూడు, అలా. ఇంకో దారి, నానబెట్టే టైమ్ తగ్గించడం, రెండు గంటలు కాస్తా గంట, తర్వాత అరగంట. రెండూ ఒకేసారి తగ్గించొద్దు. వాడు కనిపెట్టి "ఇవాళ ద్రాక్ష తక్కువుంది" అంటే ఒప్పుకోండి, "అవును, ఆపిల్ ఎక్కువుంది" అనండి.

ఒక కొత్త రుచి అలవాటవ్వడానికి చాలామంది పిల్లలకి 8 నుంచి 15 సార్లు దాకా రుచి చూడాల్సి వస్తుంది, మనం రెండో సారికో మూడో సారికో "వీడికి ఇది పడదులే" అని తీర్పు చెప్పేస్తాం. రుచి చూడటం అంటే పండంతా తినడం కాదు, నాలుకకి తగిలించి ఊసేసినా లెక్కే, పక్కన ఒక పేపర్ నాప్కిన్ పెట్టి "నచ్చకపోతే ఇందులో ఊసెయ్" అంటే ధైర్యంగా నోట్లో పెట్టుకునేవాళ్లు చాలామంది.

ఒకటి రెండు చుక్కల దగ్గర ఆగిపోయి అక్కడి నుంచి కదలకపోతే? కదలక్కర్లేదు. ఒక చుక్క వెనిల్లా వేసిన ఆపిల్ ముక్కలో పీచు, నీళ్లు, విటమిన్లు ఎక్కడికీ పోవు.

కొనేవాటి సంగతి

షాపులో ఫ్లేవర్ వేసిన పండ్ల సరుకులు చాలా వస్తున్నాయి, పుల్లటి పుచ్చకాయ రుచి కిస్‌మిస్‌లు, నారింజ ఫ్లేవర్ ఎండు క్రాన్‌బెర్రీలు, పండ్ల గమ్మీలు. వెనక లేబుల్‌లో మొదటి పదార్థం పండా, చక్కెరా, గ్లూకోజ్ సిరప్పా చూడండి, తర్వాత యాడెడ్ షుగర్ అంకె. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్కలో 2 ఏళ్ల లోపు వాళ్లకి కలిపిన చక్కెర అసలు వద్దు, 2 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 25 గ్రాములు దాటొద్దు. ఎండబెట్టిన పండు పళ్లకి బాగా అంటుకుంటుంది కాబట్టి కలిపిన చక్కెర లేకపోయినా భోజనంతో పాటు పెట్టి తర్వాత బ్రష్ చేయించడం మేలు.

రంగులు వద్దన్నది ఎందుకంటే, 2007లో బ్రిటన్ సౌతాంప్టన్ యూనివర్సిటీ పరిశోధన తర్వాత యూరప్‌లో ఆరు కృత్రిమ రంగులు వాడిన ఆహారం ప్యాకెట్లకి "పిల్లల ఏకాగ్రత, చురుకుదనం మీద చెడు ప్రభావం ఉండొచ్చు" అనే హెచ్చరిక 2010 నుంచి తప్పనిసరి చేశారు, అమెరికాలో ఆహారం, మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ 2025 జనవరిలో ఆహారంలో రెడ్ నంబర్ 3 రంగుకి అనుమతి రద్దు చేసింది. ప్రతి పిల్లాడికీ ఏదో అయిపోతుందని కాదు, కానీ రుచికి పిసరంత కూడా పనికిరాని వస్తువు ఎందుకు వెయ్యాలి అనేదే నా ప్రశ్న. కేకుల మీద పెట్టే ఎర్రటి మరాస్కినో చెర్రీనే చూడండి, పండుని సల్ఫర్ డయాక్సైడ్ ద్రావణంలో రంగు, రుచి పోయేదాకా నానబెట్టి, పాకంలో వేసి, మళ్లీ రంగు, మళ్లీ ఫ్లేవర్ ఎక్కిస్తారు. కేక్ మీద ఒకటి పెట్టుకోవచ్చు, పండు తిన్నట్టు మాత్రం లెక్కెయ్యొద్దు.

తేడా కొడితే

ముక్కలు మెత్తబడ్డాయా, టైమ్ ఎక్కువైంది లేదా ఆపిల్ పాతది. వాసన ఉంది రుచి లేదు అంటున్నాడా, పండే చప్పగా ఉంది, ఎసెన్స్ పెంచితే ఇంకా దరిద్రంగా ఉంటుంది, వేరే కాయ చూడండి. నిన్న తిని ఇవాళ వద్దన్నాడా, ఏమీ చెయ్యకండి, రెండు రోజులు ఆగి మళ్లీ పెట్టండి. ఫ్లేవర్ వేసిందే కావాలని మామూలు పండ్లు తింటున్నవి కూడా మానేశాడా, అప్పుడు మాత్రం ఆపెయ్యాలి, ఇప్పటికే తినే పండుకి ఫ్లేవర్ ఎప్పుడూ వెయ్యకూడదు.

వయసు జాగ్రత్తలు

ఏడాది లోపు పిల్లలకి ఇదంతా అనవసరం, వాళ్లకి అన్ని రుచులూ కొత్తే, ఉత్త పండే పెట్టండి, తేనె మాత్రం ఏ రూపంలోనూ వద్దు, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. నాలుగేళ్ల లోపు వాళ్లకి పచ్చి ఆపిల్ ముక్క గట్టిగా ఇవ్వొద్దు, తురిమో, మెత్తగా ఉడికించి చల్లారాక ఒక చుక్క వెనిల్లా కలిపో ఇవ్వండి. ద్రాక్షని ఐదేళ్లు వచ్చేదాకా నిలువుగా నాలుగు చీలికలు చెయ్యాలి, అడ్డంగా రెండు ముక్కలు చేస్తే అది ఇంకా గుండ్రమే. తినేటప్పుడు కూర్చునే తినాలి, పరిగెడుతూ కాదు.

పండ్లే కాకుండా తినే పదార్థాలన్నీ కలిపి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నా, బరువు పెరగకపోయినా, కొత్తది చూస్తేనే ఓకరిస్తున్నా అది మామూలు పేచీ కాకపోవచ్చు. ఆర్‌ఫిడ్ అనే తిండి సమస్య ఒకటుంది, దానికి ఎసెన్స్ చుక్కలు పనిచెయ్యవు, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వారం రోజులు వాడు ఏం తిన్నాడో, ఏది ఎలా వద్దన్నాడో రాసి పట్టుకెళ్లండి.